రంగు పోయి పచ్చబడ్డ కార్డిలైన్లు: ఒక ఇంటి తోట కేస్ స్టడీ

ముందు కేస్ ఏంటో చెప్తాను. ఒక ఇంటి వరండాలో తొమ్మిది కుండీల కార్డిలైన్లు, అంటే రంగురంగుల ఆకుల కోసం పెంచే మొక్కలు. నర్సరీ నుంచి తెచ్చినప్పుడు ఒక్కోటి ఒక్కో రంగులో మెరిసిపోయినవి, ఏడాది తిరిగేసరికి దాదాపు అన్నీ ఒకే రకం నీరసపు ఆకుపచ్చలోకి దిగిపోయాయి. ఆకుల కొసలు కాలినట్టు గోధుమ రంగుకి తిరిగాయి, కింది ఆకులు రాలిపోయి కాండం బోసిగా కర్రలా మిగిలింది, పైన మాత్రం ఒక చిన్న కుచ్చు. ఇంటావిడ నన్ను అడిగింది ఒకే ఒక్క ప్రశ్న: "రంగు రావడానికి ఏ మందు వేయాలండీ?"

ఈ ప్రశ్న నాకు చాలా ఇళ్ళల్లో ఎదురవుతుంది, అందుకే ఈ కేస్‌ని మొదటి నుంచి చివరి దాకా రాస్తున్నాను. జవాబు ఇక్కడే చెప్పేస్తాను. కార్డిలైన్‌కి రంగు తెచ్చే మందంటూ ఏదీ లేదు. రంగు వెలుతురుతో వస్తుంది, అది కూడా కొత్తగా పుట్టే ఆకులోనే వస్తుంది. పచ్చబడి ముదిరిపోయిన ఆకు మళ్ళీ ఎర్రబడుతుందని ఎదురుచూడటం దండగ. కాబట్టి మన పనంతా రాబోయే ఆకు కోసమే.

మొక్కల వివరాలు: రెడ్ సిస్టర్ నాలుగు కుండీలు (చిగురు గులాబీ, ముదిరాక ముదురు ఎరుపు), బ్లాక్ మ్యాజిక్ రెండు (వెడల్పాటి, నలుపుకి దగ్గరగా ఉండే ఊదా ఆకులు), కివి ఒకటి (ఆకుపచ్చ, పసుపు, మీగడ చారలు, గులాబీ అంచు), బేబీ డాల్ రెండు (చిన్న సన్నటి ఆకులు, గులాబీ అంచు). నాలుగూ కార్డిలైన్ ఫ్రూటికోసాలో రకాలే. ఇంటివాళ్ళు వీటిని డ్రసీనా అనుకుంటున్నారు. చాలామంది అలాగే అనుకుంటారు, నర్సరీల్లో కూడా ఆ పేరుతోనే అమ్మేస్తుంటారు. తేడా తెలుసుకోవాలంటే కుండీలోంచి మొక్కని తీసి వేరు చూడటమే: కార్డిలైన్ వేరు తెల్లగా ఉంటుంది, డ్రసీనా వేరు పసుపు, నారింజ రంగులో ఉంటుంది. తేడా తెలిస్తే ఏం లాభం అంటే, డ్రసీనాల్లో చాలా రకాలు ఇంటి లోపలి మసక వెలుతురుకి సర్దుకుపోతాయి, రంగుల కార్డిలైన్ సర్దుకోదు. బతుకుతుంది గానీ రంగు వదిలేస్తుంది.

ఏం చూశాను

కార్డిలైన్‌ని చూసేటప్పుడు నేను మొదట ఆకులు చూడను, కాండం చూస్తాను. ఆకు రాలిన ప్రతిచోటా కాండం చుట్టూ ఒక గీత మిగులుతుంది. ఆ గీతల మీద వేలు పెట్టి కింది నుంచి పైకి జరుపుకుంటూ వెళ్తే మొక్క ఎలాంటి రోజులు గడిపిందో తెలిసిపోతుంది. ఇక్కడ అన్నిటికంటే పొడవుగా ఉన్న రెడ్ సిస్టర్‌లో అడుగున జానెడు మేర గీతలు ఒకదానికొకటి ఆనుకున్నట్టు దగ్గరగా ఉన్నాయి. అది నర్సరీలో పెరిగిన భాగం. అక్కడి నుంచి పైకి ఒక్కసారిగా గీతల మధ్య ఎడం పెరిగింది, కాండం కూడా సన్నబడింది, వెలుతురు వైపుకి కాస్త వంగింది. అంటే ఈ మొక్కకి వెలుతురు కరువు మధ్యలో ఎప్పుడో మొదలవ్వలేదు, ఈ ఇంట్లో అడుగుపెట్టిన రోజు నుంచే మొదలైంది.

ఆకులదీ అదే కథ. అట్టడుగున మిగిలిన రెండు మూడు ఆకులు ఇంకా ముదురు ఎరుపులోనే ఉన్నాయి, మధ్యలోవి ఇత్తడి రంగు, పైన మొవ్వులోంచి విచ్చుకుంటున్న ఆకు ఆకుపచ్చ, అంచున మాత్రం దారమంత గులాబీ గీత. ఇంటివాళ్ళు "పాత ఆకులు బాగానే ఉన్నాయి, కొత్తవే పాడవుతున్నాయి, చీడేదో పట్టింది" అనుకున్నారు. చీడ కాదు. పాత ఆకులు నర్సరీ వెలుతురులో పుట్టాయి, కొత్తవి వరండా చీకట్లో పుట్టాయి, అంతే.

ఫోన్‌లో లైట్ మీటర్ యాప్ పెట్టి కొలిచాను. యాప్ లెక్క పక్కాగా ఉండదు గానీ ఒక చోటికీ ఇంకో చోటికీ ఉన్న తేడా చూడటానికి సరిపోతుంది. మధ్యాహ్నం పూట వరండా గోడ పక్కన 1,500 లక్స్ లోపే చూపించింది. అదే సమయంలో బయట ఎర్రటి ఎండలో 1,00,000 లక్స్ దాకా ఉంటుంది. మన కంటికి వరండా బాగా వెలుతురుగానే కనిపిస్తుంది, ఎందుకంటే కన్ను సర్దుకుంటుంది. మొక్కకి ఆ సదుపాయం లేదు. ఆకులో ఎరుపు, ఊదా రంగులు యాంథోసయనిన్లు అనే పదార్థాల వల్ల వస్తాయి, ఎక్కువ వెలుతురు నుంచి ఆకుని కాపాడుకోవడం వాటి పనుల్లో ఒకటి. వెలుతురే లేనప్పుడు మొక్క వాటిని తయారు చేసుకోవడం తగ్గించేసి, దొరికిన కాస్త వెలుతురునీ పట్టుకోవడానికి పత్రహరితం మీద పడుతుంది. మనకి రంగు పోయినట్టు కనిపించేది ఇదే.

కొసలు ఎందుకు కాలాయి

వెలుతురు తక్కువైతే రంగు పోతుంది సరే, కొసలు కాలవు. దానికి వేరే కారణం ఉండాలి. కుండీల అంచు చుట్టూ, మట్టి మీద తెల్లగా పొర కట్టి ఉంది, గోటితో గీకితే పొడిగా రాలింది. ఉప్పు పేరుకుందని అర్థం. "నీళ్ళు ఏవి పోస్తున్నారండీ?" అని అడిగితే ఆవిడ వంటగది ఆర్వో మిషన్ పక్కన పెట్టిన బకెట్ చూపించారు. మిషన్ బయటికి వదిలేసే నీళ్ళు వృథా పోకూడదని ఏడాదిగా అవే పోస్తున్నారట. ఆ ఆలోచన మంచిదే, నేలలు కడగడానికీ బాత్రూముకీ ఆ నీళ్ళు వాడుకోవచ్చు. కానీ మిషన్ మన తాగే నీళ్ళలోంచి తీసేసిన లవణాలన్నీ ఆ బకెట్లోకే చేరతాయి. నీళ్ళలో కరిగిన లవణాలని కొలిచే టీడీఎస్ మీటర్ పెడితే 1,000 దాటింది. కుళాయి నీళ్ళు దానికంటే చాలా నయంగా ఉన్నాయి.

నీళ్ళలో ఉండే లవణాల్లో ఫ్లోరైడ్ ఒకటి, కార్డిలైన్లు దాన్ని అస్సలు తట్టుకోలేవు. ఇంట్లో పెంచే ఆకు మొక్కల్లో ఫ్లోరైడ్‌కి ముందు దెబ్బతినేవాటిలో ఇవి ఉంటాయి. ఫ్లోరైడ్ నీళ్ళతో పాటు వేరులోంచి పైకెక్కి, ఆకు కొసకీ అంచులకీ చేరి, నీళ్ళు ఆవిరైపోయాక అక్కడే పోగవుతుంది, కొస చచ్చిపోతుంది. కుండీలు రోజూ తడుస్తున్నా కొసలు ఎండటం చూసి ఇంకా ఎక్కువ నీళ్ళు పోస్తారు చాలామంది. దాంతో ఇంకా ఎక్కువ లవణం చేరుతుంది. ఈ ఇంట్లో దీనికి తోడు ఇంకోటి జరిగింది: రంగు వస్తుందని ఎవరో చెబితే నెలనెలా ఒక చెంచా సూపర్ ఫాస్ఫేట్ వేస్తున్నారు. సూపర్ ఫాస్ఫేట్‌ని రాక్ ఫాస్ఫేట్ నుంచి తయారు చేస్తారు, అందులో ఫ్లోరైడ్ కలిసే ఉంటుంది. కార్డిలైన్ కుండీలోకి అసలు రాకూడని ఎరువు అది.

ఫ్లోరైడ్ వల్ల ఎంత, మిగతా లవణాల వల్ల ఎంత అని విడదీయాలంటే ల్యాబ్‌కి పంపాలి. ఇక్కడ ఆ అవసరం లేదనిపించింది, రెండిటికీ వైద్యం ఒకటే కాబట్టి. ఇంకో మాట, నీళ్ళని రాత్రంతా బకెట్లో పెట్టి పోస్తే క్లోరిన్ పోతుంది గానీ ఫ్లోరైడ్ పోదు. మరిగిస్తే నీరు తగ్గి ఫ్లోరైడ్ ఇంకా చిక్కబడుతుంది.

కుండీ దింపి చూస్తే

తొమ్మిదింటినీ ఒక్కొక్కటిగా కుండీలోంచి దింపాం. ఏడింటిలో వేర్లు తెల్లగా గట్టిగా ఉన్నాయి, కాండం మొదట్లో బొటనవేలంత లావున్న దుంప వేరు కూడా కనిపించింది. అది ఉంటే మొక్క తిరిగి లేస్తుందన్న ధైర్యం వస్తుంది. రెండు కుండీల్లో మాత్రం, ఒక రెడ్ సిస్టర్, ఒక బ్లాక్ మ్యాజిక్, అడుగు పళ్ళెంలో నీళ్ళు నిలిచి వేర్లు గోధుమ రంగుకి తిరిగాయి, పట్టుకుంటే పైతొక్క జారి లోపలి పీచు చేతికొచ్చింది, వాసన కూడా ఉంది. వేరు కుళ్ళు. ఆ బ్లాక్ మ్యాజిక్‌లో మెత్తదనం కాండం పైకి కూడా పాకింది.

బేబీ డాల్ ఆకులు కాండాన్ని పట్టుకునే సందుల్లో పిండినల్లి చేరింది. కార్డిలైన్‌లో ఆకు మొదలు కాండాన్ని గట్టిగా చుట్టుకుని ఉంటుంది కాబట్టి పైపైన స్ప్రే కొడితే లోపలికి వెళ్ళదు. స్పిరిట్‌లో ముంచిన ఇయర్ బడ్‌తో సందు సందునా తుడిచి, తర్వాత సబ్బు నీళ్ళు స్ప్రే చేశాం, వారం ఆగి మళ్ళీ అదే. ఈ పురుగు మీద ఇంతకంటే చెప్పడానికేమీ లేదు, ఓపికగా తుడిస్తే పోతుంది.

ఏం చేశాం, ఏ వరుసలో

వరుస ముఖ్యం. చాలామంది రంగు తేవాలని మొక్కని ముందు ఎండలో పెట్టేస్తారు. లవణాలతో దెబ్బతిన్న వేరు ఎండలో ఆకు అడిగినన్ని నీళ్ళు ఇవ్వలేదు, మొక్క రెండు రోజుల్లో వాడిపోతుంది. అందుకే ముందు నీళ్ళు, తర్వాత మట్టి, ఆ తర్వాత వెలుతురు, అది అలవాటయ్యాక కత్తిరింపు, అన్నిటికంటే ఆఖరున ఎరువు.

నీళ్ళు మార్చడం ఆ రోజే జరిగింది. ఆర్వో వదిలేసే నీళ్ళు మానేసి, వాన నీళ్ళు పట్టిపెట్టుకోవడం, అవి లేనప్పుడు ఏసీ నుంచి కారే నీళ్ళు శుభ్రమైన బకెట్లో పట్టి పోయడం, ఏదీ లేకపోతే కుళాయి నీళ్ళు. వేరు కుళ్ళు లేని ఏడు కుండీలకి వాన నీళ్ళు నెమ్మదిగా, కుండీ పరిమాణానికి రెండు మూడింతలు పోసి కింద నుంచి పూర్తిగా కారనిచ్చాం, పాత లవణం కడిగేసుకుపోవడానికి. పళ్ళేలు తీసేశాం.

మట్టిలో కోకోపీట్ (కొబ్బరి పొట్టు) ఎక్కువై ముద్ద కట్టిపోయింది. కొత్త మిశ్రమానికి కోకోపీట్ రెండు పాళ్ళు, బాగా మాగిన కంపోస్ట్ ఒక పాలు, గరుకు ఇసుక ఒక పాలు, ఇంకో పాలు చెట్టు బెరడు ముక్కలు తీసుకున్నాం. మట్టి గుల్లగా ఉండటానికి కలిపే పెర్లైట్ గుళికలు వేయలేదు, వాటిలోనూ కొంత ఫ్లోరైడ్ ఉంటుంది. కుండీకి చిటికెడు డోలమైట్ (మట్టి పులుపు తగ్గించే ఒక రకం సున్నపురాయి పొడి) కలిపాం. మట్టి పులుపు ఎక్కువైతే ఫ్లోరైడ్ వేరుకి సులువుగా అందుతుంది, పీహెచ్ (పులుపు కొలత, తగ్గేకొద్దీ పులుపు ఎక్కువ) 6 నుంచి 6.5 మధ్య ఉంటే అది చాలావరకు సున్నంతో కట్టుబడిపోతుంది. పెద్ద కుండీలోకి మార్చమని ఇంటాయన అడిగారు గానీ నేను ఒప్పుకోలేదు. వేరు కోలుకుంటున్నప్పుడు పెద్ద కుండీ అంటే ఎప్పటికీ ఆరని మట్టి.

వెలుతురు విషయంలో నెమ్మదిగా వెళ్ళాం. ఇంటికి తూర్పున మెట్ల పక్కన స్థలం ఉంది, ఉదయం మూడు నాలుగు గంటలు ఎండ, ఆ తర్వాత రోజంతా వెలుతురున్న నీడ. కార్డిలైన్‌కి ఇంతకంటే మంచి చోటు ఉండదని నా అభిప్రాయం. కానీ నీడలో పుట్టిన ఆకు పల్చగా ఉంటుంది, ఒక్కరోజు గట్టి ఎండ తగిలినా గడ్డి రంగు మచ్చలు పడతాయి, ఆ మచ్చలు మళ్ళీ పోవు. అందుకని ముందు 50 శాతం షేడ్ నెట్ కింద పెట్టి, రెండు వారాలయ్యాక ఉదయపు ఎండలోకి కొంచెం కొంచెంగా జరిపాం. బ్లాక్ మ్యాజిక్, రెడ్ సిస్టర్ బాగానే తట్టుకున్నాయి. కివి తట్టుకోలేదు. దాని మీగడ రంగు చారల్లో పత్రహరితం ఉండదు, కాపాడే ఎరుపూ లేదు, నెట్ తీసిన కొద్ది రోజులకే సరిగ్గా ఆ చారల వెంటే కాలింది. దాన్ని వెనక్కి నెట్ కిందకే తెచ్చేశాం, అక్కడే ఉంచాలి కూడా. ముదురు రంగు ఆకు ఎక్కువ ఎండకి, లేత రంగు చారల ఆకు వడగట్టిన వెలుతురుకి, ఇది గుర్తుంటే కుండీ ఎక్కడ పెట్టాలో సగం తెలిసిపోయినట్టే.

ఇక కత్తిరింపు. ఇంటివాళ్ళు భయపడింది దీనికే. అంత ఎత్తు పెరిగిన మొక్కని జానెడు వదిలి నరికేస్తానంటే ఎవరికైనా టెన్షనే. కానీ బోసిపోయిన కాండానికి మళ్ళీ ఆకులు రావు, కోసిన చోటు కింద నిద్రపోతున్న మొగ్గలు మాత్రం లేస్తాయి, ఒకటి కాదు, రెండు మూడు. అందుకే వెచ్చని రోజుల్లో, మొక్క పెరుగుదల మీద ఉన్నప్పుడు కోయాలి. చలిలో కోస్తే మొగ్గ కదలదు, కోసిన చోటు నుంచి కుళ్ళు దిగే ప్రమాదం ఉంది. ఒకే కుండీలో మూడు కాండాలుంటే అన్నీ ఒకేసారి కోయకుండా ముందు పొడవైనది కోశాం, దాని చిగుళ్ళు వచ్చాక రెండోది. ఇలా చేస్తే ఇల్లు బోసిపోదు, పొద కూడా మెట్లు మెట్లుగా నిండుతుంది.

కోసిన తలల్ని పారేయలేదు. కింది ఆకులు తీసేసి, పైవాటిని దారంతో వదులుగా కట్టి, తడి ఇసుక, కోకోపీట్ మిశ్రమంలో గుచ్చి నీడలో పెట్టాం. మిగిలిన బోసి కాండాన్ని వేలు పొడవు ముక్కలుగా కోసి, తడి మిశ్రమం మీద అడ్డంగా పడుకోబెట్టి సగం దాకా కప్పాం. ప్రతి ముక్క మీదా కనీసం రెండు గీతలు ఉండాలి, మొగ్గలు ఆ గీతల దగ్గరే ఉంటాయి. పసిఫిక్ మహాసముద్రంలో దీవి నుంచి దీవికి పడవల మీద వెళ్ళిన పాలినేషియన్లు ఈ మొక్కని హవాయి దాకా ఇలాంటి కాండం ముక్కలతోనే చేర్చారు. అక్కడి పాత ఆకుపచ్చ రకానికి గింజే కట్టదు, మొత్తం ముక్కలతో వ్యాపించిందే. ఎండు కర్రలా కనిపించే ముక్కకి అంత జీవం ఉంది. ఒక్క జాగ్రత్త: చారల రకాలకి కాండం ముక్కల నుంచి వచ్చే పిలకలో చారలు మారిపోవచ్చు, లేదా ఉత్త ఆకుపచ్చ రావచ్చు. కివి లాంటి వాటిని తల కొమ్మతో పెంచడమే నమ్మకం.

కుళ్ళిన రెండింటిలో రెడ్ సిస్టర్‌ని గట్టి కాండం వచ్చేదాకా పైకి కోసి తలని గుచ్చాం, వేళ్ళూనింది. బ్లాక్ మ్యాజిక్ తల కూడా గుచ్చాం గానీ కోసిన చోట కాండం నడిమధ్యలో గోధుమ రంగు చుక్క ఉంది, అది నిలబడలేదు. కాండం అడ్డంగా కోసినప్పుడు లోపల మొత్తం తెల్లగా, తడిగా ఉండాలి. ఏ కాస్త రంగు చుక్క కనిపించినా ఇంకా పైకి కోయాలి. ఈ మొక్కలో పైకి కోయడానికి ఇక చోటు లేదు. కత్తిని ప్రతి కోతకీ స్పిరిట్‌తో తుడిచాం, ఈ కుళ్ళు కత్తి మీద సులువుగా పాకుతుంది.

ఎరువు కొత్త చిగురు వేలెడు పొడవు వచ్చాకే మొదలుపెట్టాం, నెమ్మదిగా కరిగే గుళికలు, ప్యాకెట్ మీద రాసిన దాంట్లో సగం. నత్రజని ఎక్కువైతే ఆకు పెద్దదై, మెత్తబడి పచ్చగా వస్తుంది. మొక్క ఏపుగా ఉందని సంతోషపడతాం గానీ రంగు పలచబడుతుంది.

ఫలితం

కోసిన కాండాల మీద మొదట ఎర్రటి ముల్లులా మొగ్గ పొడుచుకొచ్చింది. ఆ మొగ్గ రంగు చూడగానే ఇంటావిడ ఫోటో తీసి పంపించారు. కానీ వేడి రోజుల్లో విచ్చుకున్న మొదటి ఆకులు పూర్తి రంగులో రాలేదు, ఎరుపులో ఇత్తడి కలిసినట్టుగా ఉన్నాయి. నేను ముందే చెప్పి ఉంచాను, ఈ మొక్కలు అసలు రంగు చూపించేది పగలు ఎండ బాగుండి రాత్రి చల్లబడే రోజుల్లో. రాత్రులు చల్లబడ్డాక విచ్చుకున్న రెడ్ సిస్టర్ ఆకులు గులాబీలో వచ్చాయి, మిగిలిన బ్లాక్ మ్యాజిక్ నిగనిగలాడే ముదురు ఊదాకి తిరిగింది. గీతలు కూడా మళ్ళీ దగ్గర పడ్డాయి, నాకు రంగు కంటే అదే ఎక్కువ నమ్మకం ఇచ్చింది. చల్లదనం మంచిదే గానీ హద్దుంది, 10 డిగ్రీల కిందకి పడే చోట రాత్రుళ్ళు లోపలికి తెచ్చేసుకోవాలి.

కొత్త ఆకుల కొసలు శుభ్రంగా ఉన్నాయి. పాత కాలిన కొసలు అలాగే ఉన్నాయి, వాటిని కత్తెరతో ఆకు ఆకారం పోకుండా కోణంగా కత్తిరించాం, సన్నటి గోధుమ గీత వదిలేసి. పచ్చ భాగంలోకి కోస్తే అక్కడ మళ్ళీ ఎండుతుంది.

కివిలో కోత తర్వాత వచ్చిన పిలకల్లో ఒకటి ఉత్త ఆకుపచ్చగా వచ్చింది. బలంగా, అందంగా ఉంది, ఇంటివాళ్ళకి తీయబుద్ధి కాలేదు. అయినా మొదలంటా తీయించాను. పచ్చ పిలకకి పత్రహరితం ఎక్కువ, చారల పిలక కంటే వేగంగా పెరుగుతుంది, వదిలేస్తే ఏడాదిలో కుండీ మొత్తం దానిదే అవుతుంది.

ఇంట్లో కుక్కపిల్ల ఉంది, ఈ విషయం రెండోసారి వెళ్ళినప్పుడు గానీ తెలియలేదు. కార్డిలైన్‌లో సాపోనిన్లు అనే విష పదార్థాలు ఉంటాయి, కుక్కలు, పిల్లులు నమిలితే వాంతులు, నీరసం వస్తాయి. మెట్ల పక్క కింద ఉన్న బేబీ డాల్ కుండీలు రెండూ స్టాండ్ ఎక్కించాం, రాలిన ఆకుల్ని ఏ రోజుకారోజు ఏరేయమని చెప్పాను.

మిగిలింది వరండా మూల. అక్కడ ఎర్ర మొక్కే కావాలని ఇంటాయన పట్టు. రెడ్ సిస్టర్లు ఇప్పుడు నాలుగు ఉన్నాయి కాబట్టి రెండేసి చొప్పున మార్చుకుంటున్నారు, రెండు వరండాలో ఉంటే రెండు తూర్పు మెట్ల దగ్గర. వరండాలో మూడు వారాలు దాటకూడదని చెప్పాను, ఆలోపు విచ్చుకునే ఆకు ఒకటో రెండో మాత్రమే, రంగు తగ్గినా పెద్దగా తెలియదు. తిరిగి మెట్ల దగ్గరికి వెళ్ళినప్పుడు మొదటి వారం నెట్ కింద, ఆ తర్వాతే ఎండలోకి. కాండం ముక్కల నుంచి లేచిన పిలకలు అరచేయంత అయ్యాయి, వాటిలో ఏవి ఏ రంగులో నిలబడతాయో ఇంకో చల్లని కాలం గడిచాక చూసి, మంచివి ఏరి ఆ ఖాళీ అయిన బ్లాక్ మ్యాజిక్ కుండీలో, కొత్త మట్టి పోసి, మూడు కలిపి పెడతాం.